బుల్లెమ్మ కాలు, వెంకన్న ముడుపులు

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో ఎవరు ఏ ప్రశ్న అడిగినా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజుల్లో నాకున్న ఆస్తల్లా అదే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. బీఈడీ అయిపోయింది. అత్తిలి దగ్గర ఓ పల్లెటూరి ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు ఉద్యోగం. జీతం సంగతి వదిలేయండి, క్లాసులోకి అడుగు పెట్టగానే పిల్లలంతా లేచి నిలబడితే చాలు, ఆ పూటకి నాకు కడుపు నిండిపోయేది. అలాంటి రోజుల్లో ఓ శనివారం పేరెంట్స్ మీటింగులో, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని మొదటి వరసలో కూర్చున్న ఒక నాయనమ్మ లేచి నన్ను నిలదీసింది. "ఏవమ్మా టీచరుగారూ, ఈ పిల్లలు తాడేపల్లిగూడెం దాకా నడుస్తారంటారా? మావాణ్ణి వీధి చివర కొట్టుకెళ్లి పెరుగు ప్యాకెట్టు తెమ్మంటే, సైకిలుంటేగానీ కదలడు." నేను ఏమాత్రం తడుముకోకుండా "నిక్షేపంలా నడుస్తారండి" అన్నాను. ఎలా నడుస్తారో నాకేం తెలుసు? (నేనూ రోజూ స్కూలుకి స్కూటీ మీదే వచ్చేదాన్ని.)

ఆ నడక బుల్లెమ్మ కోసం. బుల్లెమ్మ మా ఏడో తరగతి పిల్ల. చిన్నప్పుడు పొలంలో దమ్ము చేసే ట్రాక్టరు చక్రం కింద పడి ఎడమ కాలు మోకాలి కింద పోయింది. ఎవరో ఊళ్లో ఉచిత శిబిరం పెట్టినప్పుడు ఒక పెట్టుడు కాలు ఇచ్చారు. ఆ కాలు మంచిదే. చిక్కల్లా ఏమిటంటే, పిల్ల ఎదుగుతోంది, కాలు ఎదగదు. నేను స్కూల్లో చేరేసరికే అది బాగా పొట్టిదైపోయి, అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా గోతిలో కాలు పడ్డట్టు ఆ పిల్ల ఎడమ పక్కకి కుంగిపోయేది. లోపల ఒరుసుకుని పుండ్లు పడేవి. ఇలాగే నడిస్తే నడుము వంకర తిరిగిపోతుందనీ, కొత్త కాలైనా పెట్టించాలి, లేదా నడవడమైనా మాన్పించాలి అనీ డాక్టరుగారు చెప్పేశారు. మా స్కూలు ఏడో తరగతితో సరి. ఆ పైన హైస్కూలుకి బస్సెక్కి వెళ్లాలి. పొద్దున్నే మా రూటులో వచ్చే బస్సులో రెండు కాళ్లున్నవాళ్లకే ఒక కాలు బయట వేలాడుతుంది. అంటే వేసవి సెలవుల్లోగా కాలు రాకపోతే బుల్లెమ్మ చదువు అక్కడితో ఆగిపోయినట్టే. వాళ్ల నాన్న కౌలు రైతు. ఆయన ఎవర్నీ ఏమీ అడిగే మనిషి కాదు. కూతురి చదువు గురించి మాట్లాడాల్సి వస్తే తలపాగా తీసి చేతిలో నలుపుతూ నిలబడేవాడు, అంతే.

బుల్లెమ్మ మాత్రం జాలిపడనిచ్చే రకం కాదు. దారి పొడవునా ఊళ్లలో చందాలు అడుగుతూ తాడేపల్లిగూడెం దాకా నడుద్దామని నేను క్లాసులో ప్రకటించగానే, వెనక్కి తిరిగి అందర్నీ ఓసారి ఎగాదిగా చూసింది. "వీళ్లా టీచరండీ? పీటీ పీరియడ్లో గ్రౌండు చుట్టూ ఒక్క రౌండు కొట్టమంటే కడుపులో నొప్పంటారు వీళ్లు. నా కాలు సంగతి తర్వాత, ముందు వీళ్ల కాళ్లు చూస్కోమనండి" అంది. క్లాసంతా గొల్లుమంది. ఆ మాట గుచ్చుకుందో ఏమో, ఆ సాయంత్రానికల్లా మేం వస్తామంటే మేం వస్తామని డజను మంది తేలారు.

ఇక ఏర్పాట్లు. లారీవాళ్లకి దూరం నుంచే కనబడాలని మా డ్రిల్లు మాస్టారు అందరికీ పసుపురంగు టీషర్టులు కుట్టించారు. నేనూ పసుపు చుడీదారే వేసుకున్నాను. చందాలు వేయించుకోవడానికి తాళం ఉన్న డబ్బా కావాలంటే స్కూల్లో దొరకలేదు. మా కరస్పాండెంటు గారు ఊళ్లో గుడి కమిటీలో పెద్ద కాబట్టి, గుడిలో వాడకుండా మూలనున్న చిన్న హుండీ తెప్పించారు. దాని మీద మూడు నామాలు ఎర్రగా, తెల్లగా మెరిసిపోతున్నాయి. వాటి మీద బుల్లెమ్మ ఫోటో ఉన్న కాగితం అంటించాం. జట్టుకి నాయకుడు గుండు. (పెరుగు ప్యాకెట్టు మనవడు వీడే. అంతకు వారం ముందే ఇంట్లోవాళ్లు ఏదో మొక్కుకుని వాడికి నున్నగా గుండు చేయించారు.) నినాదాలు ఇవ్వడానికి రేడియో అనే అమ్మాయి. ఆపే మీట లేని పిల్ల కాబట్టి ఆ పేరు. మంచినీళ్ల క్యాన్లూ హుండీ వేసుకుని, బుల్లెమ్మని కూర్చోబెట్టుకుని, వాళ్ల నాన్న అడిగి తెచ్చుకున్న రిక్షా తొక్కుతూ వెనక. మోటారుసైకిలు మీద విజిలు ఊదుతూ డ్రిల్లు మాస్టారు ముందు. పసుపు బట్టలు, నామాల హుండీ, గుండు, అందులోనూ ధనుర్మాసం. వీటన్నిటినీ ఒకచోట చేర్చి చూడాలన్న ఆలోచన బీఈడీ చదివిన నాకు రాలేదు.

తెల్లవారకుండానే మంచులో బయల్దేరాం. కాలవ గట్టు మీద కొంత దూరం బాగానే నడిచాం. ఎండ వచ్చేసరికి కొత్త బూట్లు కరవడం మొదలెట్టాయి. ముందు గుండు విప్పాడు, వాణ్ణి చూసి అందరూ విప్పేశారు. బూట్లన్నీ రిక్షాలోకి వెళ్లాయి. మంచుకి తడిసిన కాగితం హుండీ మీంచి ఎప్పుడో జారిపోయింది, ఎవరూ గమనించలేదు. మొదటి ఊరి మొగలో ఇద్దరు ఆడవాళ్లు బిందెలతో ఎదురొచ్చారు. మంచినీళ్లిస్తారేమో అనుకున్నాం. వాళ్లు వంగి, గుండు పాదాల మీద పసుపునీళ్లు పోసి, కళ్లకద్దుకున్నారు.

మా ప్రాంతంలో పసుపు బట్టలు కట్టి దీక్షలో చిన్న తిరుపతి వెంకన్న కొండకి నడిచి వెళ్లే గోవింద స్వాములకి దారి పొడవునా జరిగే మర్యాద అది. "అయ్యో, మేం స్వాములం కాదండీ, స్కూలు పిల్లలం" అన్నాను కంగారుగా. "బాలస్వాములన్నమాట" అంది పెద్దావిడ ఇంకా భక్తిగా. రేడియో చందా సంగతి వివరించబోయింది. "మాకు తెలుసు తల్లీ, స్వాములు నోటితో అడక్కూడదు" అంటూ ఆవిడే హుండీలో వేసి దణ్ణం పెట్టుకుంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, మా అమ్మమ్మ వయసున్న ఆ మనిషి, "మాతా" అని నా కాళ్లకి దణ్ణం పెట్టబోయింది. నేను ఎగిరి వెనక్కి దూకి ఆ బురదలో కూర్చున్నాను. "నీళ్లు పోశాంగా, జారతాయమ్మా" అని ఆవిడే లేవదీసింది.

ప్రతి ఊళ్లోనూ ఇదే వరస. ఒకచోట పులిహోర, ఒకచోట అరటిపళ్లు, ఇంకోచోట వేడివేడి పాలు. "బుల్లెమ్మ అని మా పిల్లండి, కాలు పెట్టించాలండి" అని నేను అరుస్తూనే ఉన్నాను. "స్వామి దయ ఉంటే కాలేవిటమ్మా, అన్నీ వస్తాయి" అని వాళ్లు నన్నే ఓదారుస్తూ ఉన్నారు. ఆ మాటలన్నీ వింటూ రిక్షాలో బుల్లెమ్మ, చేతికందిన అరటిపండల్లా వలుచుకుని తింటూ, ఎవరు దణ్ణం పెట్టినా గంభీరంగా చెయ్యెత్తి దీవిస్తోంది. ఇక్కడిదాకా నవ్వులాటే. ఓ ఊళ్లో బక్కగా ఉన్న ఒక ఇల్లాలు పరుగున వచ్చి, పసుపు గుడ్డలో కట్టిన ముడుపు గుండు చేతిలో పెట్టి, వాడి పిడికిలి మూసేసింది. "మా ఆయన మందు మానాలని కట్టాను స్వామీ. నేను కొండకి రాలేను. నడిచెళ్లేవాళ్ల చేత పంపిస్తే చేరినట్టే" అంది. ఆ గొంతులో ఏముందో, గుండు ఆ పిడికిలి విప్పలేకపోయాడు. నేను వెనక నుంచి చేరుకునేసరికి ఆవిడ వెళ్లిపోయింది. ఆవిణ్ణి చూసి ఇంకొకావిడ. కొడుకు ఉద్యోగానికి ఒకరు, కోడలి కడుపు పండాలని ఒకరు, ఏ కోరికో చెప్పకుండా కళ్లు తుడుచుకుంటూ ఇచ్చినవాళ్లు కొందరు. మధ్యాహ్నానికి రిక్షాలో బూట్ల పక్కన పసుపు మూటలు కుప్పయ్యాయి.

సాయంత్రానికి తాడేపల్లిగూడెం చేరాం. నడవగలరా అన్న పిల్లలు నడిచారు. నేనే ఆఖర్న, డ్రిల్లు మాస్టారి విజిలుకి కూడా స్పందించలేని స్థితిలో, రేడియో భుజం పట్టుకుని చేరాను. మాకు బస ఇచ్చిన హాల్లో చాప మీద హుండీ, ముడుపులు పెట్టుకుని అందరం చుట్టూ కూర్చున్నాం. అప్పటిదాకా ఎవరికీ తట్టని ప్రశ్న అప్పుడు తట్టింది. ఈ డబ్బు ఎవరిది? నిండిన హుండీలో బుల్లెమ్మ కాలికని ఎవరు వేశారో, దేవుడికని ఎవరు వేశారో ఎలా తెలుస్తుంది? ముడుపుల సంగతి సరేసరి. కరస్పాండెంటు గారికి ఫోన్ చేస్తే, "అమ్మాయ్, అది స్వామివారి సొమ్ము. మనం ముట్టుకుంటే బాగోదు" అన్నారు. ఆయన గొంతులోనూ దిగులు వినిపించింది.

"దేవుడికి రెండు కాళ్లూ ఉన్నాయి కదండీ టీచర్. ఆయనకెందుకండీ?" అంది రేడియో. నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నా మనసు కూడా ఆ పిల్ల వైపే ఉంది. సోషల్ టీచర్ని కాబట్టి హక్కులూ న్యాయమూ అంటూ ఏదో మొదలుపెట్టబోయాను. బుల్లెమ్మ నన్ను ఆపేసింది. పొట్టి కాలు విప్పి పక్కన పెట్టుకుని, పుండుకి కొబ్బరినూనె రాసుకుంటూ, "వద్దు టీచరండీ. ఆవిడ వాళ్లాయన మందు మానాలని కట్టింది. ఆ డబ్బుతో నేను కాలు పెట్టించుకున్నాననుకోండి. ఆయన మానకపోతే? నేను అడుగేసినప్పుడల్లా ఆవిడ ఇంట్లో ఏడుస్తున్నట్టే ఉంటదండి నాకు" అంది. వాళ్ల నాన్న తలపాగా తీసి చేతిలో నలుపుతున్నాడు. కాసేపటికి తలూపాడు. ఆ తలూపడానికి ఆయనకి ఎంత కష్టమైందో నేను చూశాను. కూతురికి రావాల్సిన కొత్త కాలు డబ్బు రూపంలో అక్కడ చాప మీద కుప్పగా ఉంది, దాన్ని వదులుకోవడానికి ఆయన ఒప్పుకున్నాడు.

ఇంతలో పిల్లల్ని తీసుకుపోవడానికి స్కూలు వ్యానులో పెద్దవాళ్లు దిగారు. కరస్పాండెంటు గారు హుండీ తాళంచెవి వాళ్లతోనే పంపించారు. నేను భయపడ్డాను. ముడుపులు చేర్చాల్సిన కొండ ఇంకా రెండు రోజుల నడక. వీధి చివరికే కదలరనుకున్న పిల్లల్ని నాయనమ్మలు కొండకి పంపుతారా? ముడుపులన్నీ వ్యానులో పడేసి తీసుకెళ్లి ఇచ్చేద్దామని నేనే సలహా ఇచ్చాను. గుండు వాళ్ల నాయనమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "వ్యానులోనా? నడిచెళ్లేవాళ్లని నమ్మి ఇచ్చిన ముడుపు వ్యానులో ఎలా తీసుకెళ్తావమ్మా? చదువుకున్నావు, ఆ మాత్రం తెలీదూ?" అని, మనవడి వైపు తిరిగి, "ఏరా, నడుస్తావా నడవ్వా?" అని గద్దించింది. పెరుగు ప్యాకెట్టుకి కదలని గుండు "నడుస్తాను నాయనమ్మా" అన్నాడు. అంతే, ఇక ఏ తల్లీ తండ్రీ నోరెత్తలేదు. మరీ సన్నగా ఉన్న ఒకరిద్దర్ని మాత్రం వెనక్కి పంపించాం, ఏడుస్తూ వెళ్లారు. రేడియో వాళ్లింట్లో ఆదివారాలు చర్చికి వెళతారు. వాళ్లమ్మకి నేనే మొహమాటపడుతూ ఫోన్ చేశాను. "నమ్మి చేతిలో పెట్టిన వస్తువు కదండీ, చేర్చేసి రమ్మనండి" అంది ఆవిడ ఒక్క ముక్కలో.

ఆ రెండు రోజుల నడక గురించి గొప్పలు చెప్పుకోను, చెప్పుకోవడానికి నాకేమీ మిగల్లేదు. డెల్టా దాటితే నేల మారిపోతుంది. నల్లమట్టి పోయి ఎర్రమట్టి, వరిచేలు పోయి పామాయిలు తోటలు, చదును పోయి ఎగుడుదిగుళ్లు. పిల్లల అరికాళ్లు బొబ్బలెక్కాయి. పసుపు రాసుకుని, గుడ్డలు చుట్టుకుని, నెమ్మదిగా, చెట్టు కనబడిన చోటల్లా కూర్చుంటూ నడిచారు. మొదటిరోజు ఉన్న అల్లరి లేదు. ఎవరి చేతిలో ఏ ముడుపు ఉంటే వాళ్లు దాన్ని గుండెకి ఆనించుకుని నడిచారు. తమ కోసం నడిచినప్పటికంటే, బుల్లెమ్మ కోసం నడిచినప్పటికంటే, మొహం కూడా సరిగా గుర్తులేని మనుషుల కోసం వాళ్లు గట్టిగా నడిచారు. నేను మాత్రం రెండో రోజు మధ్యాహ్నం రోడ్డు పక్కన కూలబడి "ఇక నా వల్ల కాదు" అని బాహాటంగా ఏడ్చేశాను. నా విద్యార్థులు చుట్టూ చేరి, నా అరికాళ్లకి కొబ్బరినూనె రాసి, "కొంచెం దూరమేనండి టీచర్" అని అబద్ధాలు చెప్పి లేపారు. నేను రోజూ వాళ్లకి పరీక్షల ముందు చెప్పే అబద్ధాలూ అలాంటివే.

కొండ దగ్గర మెట్లెక్కే ముందు బుల్లెమ్మ రిక్షా దిగింది. నడవొద్దని డాక్టరుగారు చెప్పారని అందరం అడ్డుపడ్డాం. "దారంతా దర్జాగా కూర్చుని దీవెనలిచ్చాను, ఈ నాలుగు మెట్లైనా ఎక్కకపోతే ఎలాగండి?" అని, మందు మానాలన్న ఆ ఇల్లాలి ముడుపు గుండు దగ్గర తీసుకుని, ఒక్కో మెట్టుకీ ఎడమ పక్కకి కుంగుతూ, పళ్లు బిగించి ఎక్కింది. లోపల ముడుపులన్నీ ఒక్కొక్కటే హుండీలో వేశారు పిల్లలు. మా చిన్న హుండీ తాళం తీసి, లెక్క పెట్టకుండా అందులోనే వంచేశాం. ఆ నాణేల చప్పుడు ఆగిపోయాక చూస్తే, బుల్లెమ్మ నాన్న కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ఏం మొక్కుకున్నాడో నేను అడగలేదు. స్వామి మీద నాకు కోపం వచ్చిందని మాత్రం చెప్పగలను.

తిరుగు ప్రయాణంలో రిక్షాని మా కోసం కొండకొచ్చిన స్కూలు వ్యాను పైకి ఎక్కించి తాళ్లతో కట్టారు. ముడుపు ఇచ్చినవాళ్లందరికీ ప్రసాదం అందించాలి కదా. ఏ ఊళ్లో ఏ గుమ్మంలో ఎవరు ఏ కోరికతో ఇచ్చారో రేడియోకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అదే కొంప ముంచింది. బక్కపల్చటి ఇల్లాలి ఇంటి తలుపు తడితే ఆవిడ లేదు, ఆయన ఉన్నాడు. "ఏం ప్రసాదం? ఎందుకు మొక్కింది మా ఆవిడ?" అన్నాడు. నేను నోరు నొక్కేలోపే రేడియో, "మీరు మందు మానాలనండి" అంది. ఆయన ప్రసాదం పొట్లం రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత పిల్లల కాళ్లకి చుట్టిన గుడ్డలు చూశాడు. వ్యాను కిటికీలోంచి చూస్తున్న బుల్లెమ్మని చూసి, "ఆ పాపకేమైంది?" అని అడిగాడు. మూడు రోజులుగా ఊరూరా నేను అరిచి చెప్పిన సంగతి, మొట్టమొదటిసారి ఒక మనిషి అడిగి విన్నాడు.

విన్నాక లోపలికెళ్లి చొక్కా తొడుక్కుని వచ్చాడు. వ్యాను ముందు తను నడుస్తూ ఊళ్లో ప్రతి గుమ్మం ముందూ ఆగాడు. "మనం స్వాములనుకున్నామే, వీళ్లు బడిపిల్లలంట. ఆ పాప కాలు కోసం బయల్దేరారంట. దేవుడి సొమ్మని తెలిసి కొండ దాకా నడిచెళ్లి ఇచ్చేసి వచ్చారు" అని అందరికీ ఆయనే చెప్పాడు. ఆయన పిలుస్తున్న పిలుపుకి పొలాల్లోంచి కూడా మనుషులొచ్చారు. ముందు మాకు పసుపునీళ్లు పోసినవాళ్లే వచ్చి, ఈసారి బుల్లెమ్మ తల నిమిరి, తోచినంత డబ్బు ఆ పిల్ల ఒళ్లోనే పెట్టారు. ఆ కబురు మాకంటే ముందే కాలవ గట్టు వెంట పాకిపోయింది. తర్వాతి ఊళ్లో మేం వ్యాను దిగకుండానే జనం ఎదురొచ్చారు. ఆయన ఆ తర్వాత మందు మానాడో లేదో నాకు తెలీదు. ఆ రోజు మాత్రం పొద్దుగూకేదాకా మాతోనే ఉన్నాడు.

వేసవి సెలవులకి ముందే రాజమండ్రిలో బుల్లెమ్మకి కొత్త కాలు పెట్టారు. వాళ్ల నాన్నతో పాటు నేనూ వెళ్లాను. పట్టీలు బిగించి, లేచి నిలబడమన్నారు. ఆ పిల్ల కడ్డీలు పట్టుకుని లేచింది, రెండు కాళ్ల మీదా బరువు ఆనించింది, చేతులు వదిలింది. బుల్లెమ్మ పొడుగు పిల్ల! క్లాసులో రేడియో కంటే, గుండు కంటే పొడుగు. అన్నాళ్లూ మేం చూసింది ఒక పక్కకి ఒరిగిన పిల్లని. తిన్నగా నిలబడితే ఎంత ఉంటుందో మాలో ఎవరికీ తెలీదు, కన్న తండ్రికి కూడా. "ఎదిగే వయసు కదండీ, ఏడాదో రెండేళ్లో అయితే ఇదీ పొట్టిదైపోతుంది, మళ్లీ కొత్తది పెట్టించాలి" అన్నాడు పట్టీలు బిగిస్తున్నాయన. నా ప్రాణం ఉసూరుమంది. బుల్లెమ్మ నాన్న మాత్రం కూతుర్ని కిందినుంచి పైదాకా చూసుకుంటూ, నేనెప్పుడూ ఎరగనంత పెద్దగా నవ్వాడు. "అవ్వనివ్వండి బాబూ! ఆ కాలు పొట్టిదైందంటే మా పిల్ల ఎదిగినట్టే కదండీ. నాకు అంతకంటే ఏం కావాలి?" అన్నాడు.

ఒక్క నడక నడిచేస్తే ఆ పిల్ల కష్టం తీరిపోతుందని నమ్మి, కరిచే బూట్లతో బయల్దేరిన ఇరవై రెండేళ్ల టీచరమ్మని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది. బుల్లెమ్మ కాలు ఆ తర్వాత మరికొన్నిసార్లు పొట్టిదైంది. అయిందని తెలిసిన ప్రతిసారీ నేను సంతోషంగా మళ్లీ నడవడానికి చెప్పులు వెతుక్కున్నాను.